‘మిగిలింది ఇదొక్కటే’: అరుదైనవని చెప్పే పాత అమెరికన్ పికప్‌ల నిగ్గు తేల్చడం ఎలా?

అమెరికాలో పాత పికప్ ట్రక్కులు చేతులు మారే చోట తరచుగా వినిపించే వాదన ఒకటుంది. ఇది 1963 నాటి ఫోర్డ్ ఎఫ్-100, క్యాబిన్, వెనుక తొట్టి కలిసిపోయిన ఒకే ముక్క బాడీ, పైగా ఫ్యాక్టరీలోనే బిగించిన ఫోర్ వీల్ డ్రైవ్, ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి అని. ఒక్క వాక్యంలా కనిపించే ఈ మాటలో నాలుగు వేర్వేరు వాదనలు దాగి ఉన్నాయి. ఫోర్డ్ అలాంటి ట్రక్కును అసలు తయారు చేసిందన్నది మొదటిది. చాలా తక్కువగా చేసిందన్నది రెండోది. ఎదురుగా నిలబడి ఉన్న ఈ ట్రక్కు అలా తయారైన వాటిలో ఒకటన్నది మూడోది. అప్పటినుంచి ఇప్పటివరకు దాన్నెవరూ మార్చలేదన్నది నాలుగోది. ఒక్కోదానికి కావలసిన ఆధారం వేరు. ఒకదానికి చూపిన రుజువు మరొకదానికి చెల్లదు. అయినా బేరాల్లో ఎక్కువగా జరిగేది, రెండోదానికి ఒక అంకె చెప్పి, తక్కిన మూడింటినీ ఆ అంకె చాటున ఒప్పించేయడమే.

ఈ ఫోర్డ్ ఉదాహరణ దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగడం మంచిది, ఎందుకంటే పాత పికప్‌లకు సంబంధించిన చిక్కులన్నీ దాదాపుగా ఇందులోనే కనిపిస్తాయి. 1961 మోడల్‌తో ఫోర్డ్ తన తేలిక పికప్‌లకు కొత్త బాడీ తెచ్చింది. అంతకుముందు క్యాబిన్ ఒకటి, దాని వెనుక కొంత ఖాళీ వదిలి బిగించిన తొట్టి మరొకటి అన్నట్టుగా ఉండేవి. కొత్త బాడీలో క్యాబిన్ వెనుక గోడ, తొట్టి ముందు గోడ ఒకటే అయిపోయాయి, రెండింటినీ కలిపి వెల్డింగు చేశారు. దీన్ని అందరూ యూనిబాడీ అని పిలుస్తారు గాని, కార్లలో ఆ మాటకు ఉన్న అర్థం, అంటే విడి ఛాసిస్ లేకుండా బాడీయే ఛాసిస్‌గా పనిచేయడం, ఇక్కడ లేదు. కింద నిచ్చెన ఆకారపు ఛాసిస్ ఎప్పటిలాగే విడిగా ఉంది, బాడీని దానిమీద బోల్టులతో బిగించారు. ఈ చిన్న సంగతి మొత్తం కథకు కీలకం, అది ఎందుకో తర్వాత తెలుస్తుంది. ఈ బాడీ 1963 మోడల్‌తోనే ఆగిపోయింది.

అదే కాలంలో ఫోర్డ్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లను కూడా సొంతంగా తయారు చేస్తోంది. 1959 వరకు ఆ పని ఇండియానాపొలిస్‌లోని మార్మన్-హెరింగ్టన్ వంటి బయటి కంపెనీలు ఫోర్డ్ ట్రక్కులను మార్చి చేసేవి, 1959 మోడల్ నుంచి ఫోర్డే ఫ్యాక్టరీలో బిగించసాగింది. కాబట్టి 1961 నుంచి 1963 మధ్య ఒకే ముక్క బాడీ ఉంది, ఫ్యాక్టరీ ఫోర్ వీల్ డ్రైవూ ఉంది. ఈ రెండూ ఒకే ట్రక్కులో కలిశాయా అన్నదే ప్రశ్న. ఆనాటి అమ్మకపు కరపత్రాలు చూపించేది విడి తొట్టి ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులనే. ఎగుడుదిగుడు నేలమీద నడిచే ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు ఛాసిస్ బాగా మెలి తిరుగుతుంది, ఆ మెలికను క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య ఉన్న ఖాళీ సర్దుకుంటుంది. ఒకే ముక్క బాడీలో సర్దుకోవడానికి చోటుండదు. ఇంజనీరింగు తర్కం కరపత్రాలతో కలిసి వస్తోంది కాబట్టి, మొదటి వాదనే బలహీనమైన నేలమీద నిలబడి ఉందన్నమాట.

కానీ కరపత్రంలో లేకపోవడం, ఫ్యాక్టరీ తలుపు దాటి బయటికి రాకపోవడం ఒకటే కాదు. పెద్ద కొనుగోలుదారుల కోసమో, పరీక్షల కోసమో కంపెనీలు జాబితాలో లేనివి చేసిన సందర్భాలు వాహన పరిశ్రమలో ఉన్నాయి. సరిగ్గా ఈ సందును పట్టుకునే కథలు పెరుగుతాయి. ఒకే ముక్క బాడీ ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులు కొన్ని కళ్లముందు ఉన్న మాట కూడా నిజం, వాటి ఫొటోలు చూపించి ఇంతకన్నా రుజువేం కావాలని అడుగుతారు. ట్రక్కు ఉందన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. దాన్ని ఆ రూపంలో బిగించింది ఎవరు, ఎప్పుడు అన్నదే తేలాలి.

ఇక్కడే ఇందాకటి విడి ఛాసిస్ సంగతి అక్కరకొస్తుంది. బాడీ ఎంత ఒకే ముక్కైనా అది ఛాసిస్ నుంచి విడివడుతుంది. పైగా 1965లో ట్విన్ ఐ-బీమ్ అనే కొత్త ముందు సస్పెన్షన్ వచ్చేదాకా, టూ వీల్ డ్రైవ్ ఎఫ్-100కు కూడా ముందు భాగంలో పట్టీ స్ప్రింగుల మీద నిలిచే అడ్డ ఇరుసే ఉండేది, కాబట్టి మార్పిడికి పెద్ద విద్య అక్కర్లేదు. ఒక మంచి వెల్డరు ఉన్న షెడ్డులో, అదే కాలపు ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు ముందు ఇరుసు, ఇంజన్ శక్తిని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు తెచ్చి ఒకే ముక్క బాడీ ట్రక్కు కింద బిగించవచ్చు. లేదా ఫోర్ వీల్ డ్రైవ్ ఛాసిస్ మీద ఒకే ముక్క బాడీనే దింపవచ్చు. 1970లలో ఎవరో రైతు తన అవసరం కోసం ఆ పని చేసి ఉంటే, అర్ధ శతాబ్దం తుప్పు పట్టాక ఆ బోల్టులు ఫ్యాక్టరీ బోల్టుల్లాగే కనిపిస్తాయి. తుప్పు పాతదనానికి సాక్ష్యం, ఫ్యాక్టరీకి కాదు.

మరి పరీక్ష ఏది? ఆ కాలపు ఫోర్డ్ ట్రక్కుల గుర్తింపు నంబరు మొదటి మూడు అక్షరాల్లోనే చాలా చెబుతుంది. ఎఫ్10 అని మొదలైతే అది టూ వీల్ డ్రైవ్ ఎఫ్-100, ఎఫ్11 అని మొదలైతే ఫోర్ వీల్ డ్రైవ్ ఎఫ్-100. ఆ తర్వాత ఇంజన్‌ను సూచించే అక్షరం, ఫ్యాక్టరీని సూచించే అక్షరం, వరుస సంఖ్య వస్తాయి. ఈ నంబరు క్యాబిన్‌లోని పలక మీద ఉంటుంది, ఛాసిస్ కుడి పట్టీ పైభాగంలో కూడా పంచ్ చేసి ఉంటుంది. అరుదైనదని చెబుతున్న ట్రక్కు పలక ఎఫ్10 అంటే, ఫ్యాక్టరీ ఫోర్ వీల్ డ్రైవ్ అన్న మాట అక్కడితో ముగిసిపోతుంది. ఎఫ్11 అంటే మాత్రం పని మొదలవుతుంది. పలక రెండు రివెట్ల పని. అది ఒక క్యాబిన్ నుంచి ఇంకో క్యాబిన్‌కు సులువుగా వెళ్తుంది. కాబట్టి ముందు చక్రం దగ్గర ఛాసిస్ పైభాగాన్ని తీగల బ్రష్షుతో నెమ్మదిగా రుద్ది, ఏటవాలుగా టార్చి లైటు వేసి చూస్తారు. నేరుగా పడే వెలుతురులో కనిపించని అంకెల గుంతలు పక్కనుంచి పడే వెలుతురులో నీడ తీస్తాయి. గ్రైండరుతో అరగదీసిన చోట ఇనుము చుట్టుపక్కలకన్నా నున్నగా, కాస్త పల్లంగా ఉంటుంది. అంకెలు కూడా ఒకే లోతులో, ఒకే వరుసలో ఉన్నాయా అన్నది చూడాలి గాని, ఫ్యాక్టరీలో పంచ్ చేసినవి కూడా కొంచెం వంకరగా ఉండవచ్చునని గుర్తుంచుకోవాలి.

ఛాసిస్ మీద కూడా ఎఫ్11 ఉందనుకుందాం. అప్పుడు రుజువైంది ఆ ఛాసిస్ ఫోర్ వీల్ డ్రైవ్‌గా పుట్టిందన్నది మాత్రమే. దానిమీద ఉన్న బాడీ దానితోనే పుట్టిందన్నది ఇంకా మిగిలే ఉంటుంది. ఆ దశలో ఒక్క కాగితం, అంటే ఆ నంబరుతో పాటు బాడీ రకాన్ని కూడా చెప్పే నాటి డీలరు ఇన్వాయిస్ గాని, నంబరు పలకతో సహా కనిపించే నాటి ఫొటో గాని దొరికితే వంద మంది నిపుణుల అభిప్రాయం కన్నా విలువైనది. ఫోర్డ్ వాహనాల ఉత్పత్తి వివరాలను అనుమతి పొంది భద్రపరచి, ఒక్కో వాహనానికి నివేదిక ఇచ్చే మార్టి ఆటో వర్క్స్ దగ్గర ఉన్న సమాచారం 1967 మోడల్ నుంచే మొదలవుతుంది. 1963 ట్రక్కుకు ఆ తలుపు మూసే ఉంది. రికార్డులు లేని చోటే ఇలాంటి వాదనలు ఎక్కువగా మొలవడం యాదృచ్ఛికం కాదు. తయారు కాలేదని ఎవరూ నిరూపించలేని చోట, తయారైందని చెప్పడం చాలా తేలిక.

ఇదే బాడీ చుట్టూ ఇంకొక కథ కూడా తిరుగుతుంది. బరువు ఎక్కువ వేస్తే బాడీ వంగి తలుపులు ఇరుక్కుపోయేవని, అందుకే ఫోర్డ్ దాన్ని ఆపేసిందని, అందుకే ఇవి తక్కువగా మిగిలాయని చెబుతారు. బాడీ ఆగిపోయిన మాట నిజమే గాని, ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా మరొకరు చెప్పిన కథనే ఆధారంగా చూపిస్తారు. అమ్మకందారుకు మాత్రం అది రెండు విధాలుగా పనికొస్తుంది: మిగిలినవి తక్కువని చెప్పడానికీ, తన ట్రక్కు తలుపు సరిగ్గా పడకపోతే దానికి చారిత్రక కారణం చూపడానికీ.

అనుమానం ఎదుటి దిక్కు నుంచి కూడా మోసపోగలదు. 1962, 1963 మోడళ్లలోనే ఫోర్డ్ విడి తొట్టిని మళ్లీ ఇచ్చింది, అయితే కొత్త క్యాబిన్‌కు తగిన కొత్త తొట్టి చేయకుండా అంతకుముందు తరం తొట్టినే తెచ్చి బిగించింది. క్యాబిన్ మీద గీత ఒకచోట, తొట్టి మీద గీత మరొకచోట ఉండి, రెండూ ఒకదానికొకటి పొసగవు. తెలియనివారెవరు చూసినా ఇది ఎవరో పాత తొట్టి తగిలించిన అతుకుల బొంత అనే అంటారు, ఔత్సాహికులు కూడా వీటిని తప్పు తొట్టి ట్రక్కులనే పిలుస్తారు. కానీ ఆ తప్పు ఫ్యాక్టరీదే. పొందికగా కనిపించేది నకిలీ కావచ్చు, పొందిక లేనిది అసలైనది కావచ్చు. ఆ కాలపు ఫ్యాక్టరీ ఏం చేసేదో తెలియకుండా కంటితో తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో చూపడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనిపించలేదు.

ఇక రెండో వాదన, అంటే ఎన్ని తయారయ్యాయన్నది స్పష్టంగా తెలిసిన సందర్భానికి వద్దాం. షెవర్లే 1955లో కామియో క్యారియర్ అనే పికప్‌ను ప్రవేశపెట్టింది. తొట్టి పక్కలు క్యాబిన్‌తో సమానంగా, కారులా నున్నగా కనిపించేటట్టు ఫైబర్‌గ్లాస్ పలకలు తొడిగారు. ఆ పలకలను తయారు చేసింది ఒహాయోలోని ఆష్టబ్యులాకు చెందిన మోల్డెడ్ ఫైబర్ గ్లాస్ కంపెనీ, కార్వెట్ కారు బాడీ భాగాలు చేసిందీ అదే. సాధారణంగా అందరూ అంగీకరించే లెక్కల ప్రకారం 1955లో 5,220, 1956లో 1,452, 1957లో 2,244, 1958లో ఉక్కు తొట్టితో ఫ్లీట్‌సైడ్ అనే షెవర్లే పికప్ వచ్చి దీన్ని పక్కకు నెట్టేలోపు 1,405 తయారయ్యాయి. మొత్తం 10,321. అదే ఏళ్లలో లక్షల సంఖ్యలో అమ్ముడైన షెవర్లే ట్రక్కులతో పోలిస్తే ఇది నిజంగానే తక్కువ.

అంకె ఇంత కచ్చితంగా ఉన్నా, ఒక నిర్దిష్టమైన ట్రక్కు కామియోగానే పుట్టిందని నంబరు చూసి చెప్పడం సాధ్యం కాదు. 1957 షెవర్లే 3100 ట్రక్కు నంబరులో 3ఏ57 అన్న భాగం ఉంటుంది: 3ఏ అంటే 3100 సిరీస్, 57 అంటే ఏడాది, ఆపైన ఫ్యాక్టరీ అక్షరం, వరుస సంఖ్య. వెనుక ఏ తొట్టి ఉందో అందులో లేదు. ఫైబర్‌గ్లాస్ పక్కల లోపల ఉన్నది మామూలు 3100 ఉక్కు తొట్టే కాబట్టి, పలకలు సంపాదించినవారు మామూలు ట్రక్కును కామియోగా మార్చగలరు. అలా మార్చినప్పుడు తరచుగా పట్టుబడేది పైకి కనిపించే పలకల దగ్గర కాదు, ఎవరూ చూడరనుకున్న చోట. అసలు కామియోలో స్టెప్నీ టైరు తొట్టి కింద ఒక అరలో దాగి ఉంటుంది, వెనుక బంపరు మధ్యభాగాన్ని కిందికి దించితే అది బయటికి వస్తుంది. ఆ అర, దాని ఊతలు, బంపరు కీళ్లు, తొట్టి వెనుక తలుపు లోపలి గొళ్లాలు, ఇవన్నీ కలిపి నకలు చేయడం శ్రమతో కూడిన పని. మొదటి ఏడాది కామియోలన్నీ ఒకే రంగుల జోడీతో, బాంబే ఐవరీ మీద ఎరుపుతో వచ్చాయి. కాబట్టి నీలం రంగు 1955 కామియో ఫ్యాక్టరీ రంగుతో ఉందని ఎవరైనా చెబితే, అక్కడ కావలసింది టార్చి లైటు కాదు, తలుపు కీలు సందులో పాత రంగు పొర కనిపించేదాకా కాస్త ఓపికగా చూడటం.

పొరలు, తేదీలు, ఇనుప భాగాలను పోత పోసేటప్పుడే వాటి మీద పడే నంబర్లు చూసేటప్పుడు ఒక ముఖ్యమైన తేడా మనసులో ఉంచుకోవాలి. ఫోర్డ్ భాగాల మీద సి3టిఇ వంటి గుర్తు కనిపిస్తుంది. సి అంటే 1960ల దశకం, 3 అంటే 1963, టి అంటే ట్రక్కు, ఇ అంటే ఇంజన్ విభాగం. చాలామంది దీన్ని తయారైన ఏడాదిగా చదువుతారు. అది ఆ భాగం నమూనా ఖరారైన ఏడాది మాత్రమే. అదే గుర్తుతో ఆ భాగం తర్వాతి ఏళ్లలో కూడా పోత పోసి ఉండవచ్చు. తయారీ తేదీ వేరే చోట, విడిగా, ఏడాది అంకె, నెల అక్షరం, రోజుతో ఉంటుంది. షెవర్లే ఇంజన్లలో నెలకు ఒక అక్షరం, తర్వాత రోజు, చివర ఏడాదిలో చివరి ఒక్క అంకె ఉంటాయి. అంటే 7 అన్న అంకె 1957దీ కావచ్చు, 1967దీ కావచ్చు. ఈ గుర్తులు ఒక వాదనను పడగొట్టగలవు గాని నిలబెట్టలేవు. 1957 మే నెలలో తయారైందన్న ట్రక్కులో ఆగస్టు పోత ఇంజన్ ఉంటే అది పుట్టినప్పటి ఇంజన్ కాదని తేలిపోతుంది. ఏప్రిల్ పోత ఉంటే మాత్రం, అది కావచ్చునన్నది తప్ప ఇంకేమీ తేలదు. అదే తేదీ దగ్గర్లో పోసిన ఇంజన్‌ను వెతికి తెచ్చి పెట్టడం పాత వాహనాల వాళ్లకు కొత్త విద్య కాదు.

ఫ్యాక్టరీ అన్న మాట కూడా ఎప్పుడూ ఒకే హద్దులో ఉండదు. మినియాపొలిస్‌లోని నార్త్‌వెస్టర్న్ ఆటో పార్ట్స్ కంపెనీ, అందరికీ తెలిసిన పేరుతో నాప్కో, 1950లలో షెవర్లే, జీఎంసీ ట్రక్కులకు ఫోర్ వీల్ డ్రైవ్ కిట్టు అమ్మేది. మొదట్లో దాన్ని డీలర్లు గాని, స్థానిక షెడ్లు గాని బిగించేవి. 1956లో జీఎంసీ, 1957లో షెవర్లే ఆ కిట్టునే ఫ్యాక్టరీ ఆప్షనుగా ఇచ్చాయి, 1960 నుంచి ఆ రెండు బ్రాండ్ల మాతృసంస్థ జనరల్ మోటార్స్ తన సొంత ఏర్పాటుకు మారింది. ఫలితంగా ఒకే ఏడాది, ఒకే రూపం, ఒకే కిట్టు ఉన్న రెండు ట్రక్కుల్లో ఒకటి ఫ్యాక్టరీ ఫోర్ వీల్ డ్రైవ్, రెండోది డీలరు బిగించినది కావచ్చు. ఆ కిట్టు బోల్టులతో బిగించేది కాబట్టి, మూడోది గత ఏడాది బిగించినదీ కావచ్చు. మూడూ నాప్కోలే, మూడూ బాగానే నడుస్తాయి, ధర మాత్రం ఒకటి కాదు. ఇక్కడ అమ్మకందారు నాప్కో అన్నంతవరకు నిజమే చెబుతున్నాడు; ఫ్యాక్టరీ అన్న ఒక్క మాట దగ్గరే ఆధారం అడగాలి.

నంబరు సాయపడే సందర్భాలూ లేకపోలేదు. డాడ్జ్ 1978, 1979లో అమ్మిన లిల్ రెడ్ ఎక్స్‌ప్రెస్ అందుకు మంచి ఉదాహరణ. క్యాబిన్ వెనుక నిలువుగా లేచిన రెండు క్రోమ్ పొగ గొట్టాలు, తొట్టి పక్కన చెక్క పలకలు, తలుపు మీద బంగారు రంగు అక్షరాలు ఉన్న ఎర్ర ట్రక్కు అది, 360 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజన్‌తో ఆనాటి అమెరికన్ వాహనాల్లో వేగవంతమైన వాటిలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. మొదటి ఏడాది 2,188, రెండో ఏడాది 5,118 తయారయ్యాయి. పొగ గొట్టాలు, చెక్క, స్టిక్కర్లు అన్నీ కొత్తగా తయారై దొరుకుతున్నాయి కాబట్టి మామూలు ఎర్ర డాడ్జ్‌ను ఈ వేషంలోకి తేవడం ఏమంత కష్టం కాదు. అయితే ఇందులో వాడిన ప్రత్యేక ఇంజన్‌ను నంబరులో ఐదో స్థానంలోని ఎస్ అక్షరం సూచిస్తుంది. అది లేకపోతే చర్చ అనవసరం. 1978 ట్రక్కుకు గుండ్రని హెడ్‌లైట్లు, 1979 ట్రక్కుకు ఒకదానిమీద ఒకటి పేర్చిన దీర్ఘచతురస్రపు లైట్లు అన్నది మరో సులువైన గుర్తు. తక్కువ సంఖ్యలో వచ్చిన మొదటి ఏడాదిదిగా చూపడానికి ముందు భాగం మార్చినప్పుడు నంబరులోని ఏడాది అంకె దాన్ని బయటపెడుతుంది. 1981 మోడల్ నుంచి అమెరికాలో అన్ని కంపెనీలకూ 17 అక్షరాల నంబరు, అందులో లెక్క సరిచూసే తొమ్మిదో అక్షరం తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు వాటికి కంపెనీకో పద్ధతి, కొన్నిసార్లు ఏడాదికో పద్ధతి ఉండేది, అందువల్ల ఒక బ్రాండు మీద తెలిసిన విద్య ఇంకో బ్రాండు మీద పనిచేయదు.

ఇప్పుడు అన్నిటికన్నా ఆకర్షణీయమైన వాదన. ఈ రంగు, ఈ ఇంజన్, ఈ గేరుబాక్సు, ఈ రేడియో కలిసిన ట్రక్కు ప్రపంచంలో ఇదొక్కటే అంటారు. ఇది చాలా సందర్భాల్లో నిజం, అందుకే పనికిరానిది. ఊహకు ఒక మోడల్ తీసుకుందాం: 10 రంగులు, 3 ఇంజన్లు, 3 గేరుబాక్సులు, 5 వెనుక ఇరుసు గేరు నిష్పత్తులు. ఇవి కలిసి 450 రకాలవుతాయి. దీనికి కావాలంటే తీసుకోవచ్చు, వద్దంటే మానుకోవచ్చు అన్న ఆప్షన్లు 20 చేరిస్తే, అవి మాత్రమే 10,48,576 రకాలుగా కలుస్తాయి. రెండూ గుణిస్తే 47 కోట్ల 18 లక్షలు దాటుతుంది. ఏ కంపెనీ ఒక ఏడాదిలో అన్ని ట్రక్కులు చేయలేదు కాబట్టి, షరతులు చేరుస్తూ పోతే రోడ్డు మీద ఉన్న ప్రతి ట్రక్కునూ ఏదో ఒక చోట ఒకే ఒక్కటిగా నిలబెట్టవచ్చు. నివేదికలో ఒకే ఒక్కటి అని అచ్చయిన వాక్యం చూపినప్పుడు ఆ వాక్యం ఎన్ని షరతుల తర్వాత వచ్చిందో చదవాలి. ఇంజను, గేరుబాక్సు వంటి పెద్ద షరతుల తర్వాతే సంఖ్య పడిపోతే దానికి బరువుంది. సీటు గుడ్డ రంగు, సిగరెట్ బూడిద పెట్టె దాకా వెళ్లాక పడిపోతే అది అరుదైన ట్రక్కు కాదు, పొడవైన జాబితా.

రికార్డుల విషయంలో కంపెనీల మధ్య తేడా చాలా ఎక్కువ, ఏ బ్రాండు మీద ఎంత అనుమానం ఉంచుకోవాలన్నది కూడా దాన్నిబట్టే మారాలి. స్టూడీబేకర్ 1963 చివరలో సౌత్ బెండ్‌లో, 1966లో కెనడాలో ఉత్పత్తి ఆపేసి చరిత్రలో కలిసిపోయింది, అయినా సౌత్ బెండ్‌లోని స్టూడీబేకర్ జాతీయ మ్యూజియంలో ఉత్పత్తి ఆర్డర్లు భద్రంగా ఉన్నాయి, ట్రక్కు నంబరు ఇచ్చి నకలు తెప్పించుకోవచ్చు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ప్రతి ట్రక్కుకూ లైన్ సెటింగ్ టికెట్ అనే కాగితం తయారు చేసేది, అందులో ఇరుసు నుంచి రంగు దాకా అన్నీ కోడ్లతో ఉంటాయి, వాటి నకళ్లు కూడా దొరుకుతాయి. చనిపోయిన కంపెనీల ట్రక్కుల పుట్టుపూర్వోత్తరాలు బతికున్న కంపెనీల ట్రక్కుల కన్నా బాగా తెలియడం ఈ రంగంలోని చిన్న వింత. కెనడాలో అమ్మిన జనరల్ మోటార్స్ పాత వాహనాలకు అక్కడి శాఖ పత్రాలు ఇస్తూ వచ్చింది. అమెరికాలో అమ్మిన 1950ల షెవర్లే పికప్‌కు అలాంటి వసతి లేదు. 1967 నుంచి 1972 తరం షెవర్లే, జీఎంసీ ట్రక్కుల్లో గ్లవ్ బాక్స్ తలుపు లోపల అంటించిన స్టిక్కరు ఉంటుంది, ఆ ట్రక్కుకు ఫ్యాక్టరీలో వేసిన ఆప్షన్లు, ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం అందులో రాసి ఉంటాయి. ఈ దూరం ఎందుకు ముఖ్యమంటే, ఆ తరంలో పొట్టి తొట్టి ట్రక్కుకు 115 అంగుళాలు, పొడుగు తొట్టి ట్రక్కుకు 127 అంగుళాలు ఉండేది, నంబరులో మాత్రం తొట్టి పొడవు ఉండదు. పొట్టి తొట్టికి గిరాకీ ఎక్కువ కాబట్టి పొడుగు ఛాసిస్‌ను కోసి పొట్టిగా చేయడం ఇప్పుడొక వృత్తిగానే సాగుతోంది. స్టిక్కరు మీద 127 ఉండి నేలమీద కొలిస్తే 115 వస్తే సంగతి అర్థమైపోతుంది. స్టిక్కరు లేకపోతే, లేదా మరీ కొత్తగా మెరుస్తుంటే, ఛాసిస్ లోపలి వైపు వెల్డింగు గీత కోసం వెతకాలి. అచ్చు వేసిన నకిలీ స్టిక్కర్లు కూడా ఉన్నాయి కాబట్టి గ్లవ్ బాక్స్ తలుపు తెచ్చి మార్చినదా అన్నదీ ఆలోచించాలి.

అరుదు అన్నది ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాన్నిబట్టి కూడా మారుతుంది. మెర్క్యురీ ఎం-100 అనే పికప్ అమెరికాలో ఎక్కడైనా కనిపిస్తే జనం గుమిగూడతారు, ఫోర్డ్ ట్రక్కు మీద ఆ కంపెనీ కార్ల బ్రాండైన మెర్క్యురీ పేరు అక్కడి వారికి వింత. కెనడాలో మాత్రం 1946 నుంచి 1968 దాకా మెర్క్యురీ ట్రక్కులు మామూలుగా అమ్ముడయ్యాయి. చిన్న ఊళ్లలో ఫోర్డ్ డీలరు లేకుండా లింకన్-మెర్క్యురీ డీలరు మాత్రమే ఉన్నప్పుడు అతనికీ అమ్ముకోవడానికి ట్రక్కు కావాలి కాబట్టి ఆ పేరు పెట్టారు. డాడ్జ్ ట్రక్కులకు ఫార్గో పేరు కూడా ఇలాగే అక్కడ నడిచింది. ఇలాంటి ట్రక్కు గురించి అమెరికాలో ఎప్పుడూ అమ్మలేదన్న మాట నూటికి నూరు పాళ్లు నిజమై, తయారైనవే బహు తక్కువన్న మాట మాత్రం అతిశయోక్తి కావచ్చు.

ఎన్ని మిగిలాయన్న అంకె అన్నిటికన్నా బలహీనమైనది. తయారైన సంఖ్యను ఫ్యాక్టరీ లెక్కపెట్టింది. మిగిలిన సంఖ్యను లెక్కపెట్టే బాధ్యత ఎవరికీ లేదు. ఔత్సాహికుల సంఘాలు నడిపే పట్టికల్లో పేరు నమోదు చేసుకున్నవారే ఉంటారు. పొలాల గట్ల మీద, పాకల వెనుక, స్క్రాపు యార్డుల్లో ఉన్నవి ఉండవు. 40 నమోదయ్యాయి అంటే 40 మంది యజమానులకు ఆ పట్టిక సంగతి తెలిసిందని అర్థం. పికప్‌లు పని ముట్లు కాబట్టి తక్కువ మిగిలాయన్నది సబబే. అదే కారణంగా వాటి ఇంజన్లు, తలుపులు, తొట్టెలు దొరికినదానితో మార్చుకుంటూ వాడారన్నది కూడా అంతే సబబు. మొదటి భాగాన్ని గట్టిగా చెప్పేవారు రెండో భాగం దగ్గర మౌనంగా ఉంటారు.

నంబర్లు కలవనంత మాత్రాన మోసమని తేల్చేయడం కూడా తొందరపాటే. ఒకప్పుడు పలు రాష్ట్రాల్లో వాహన యాజమాన్య పత్రం మీద ఛాసిస్ నంబరు కాకుండా ఇంజన్ నంబరు రాసేవారు. ఆ ఇంజన్ పాడై ఇంకొకటి వేశాక పత్రం ఒక నంబరు, ట్రక్కు ఒక నంబరు చెబుతాయి, ఎవరూ ఏ తప్పూ చేయకుండానే. అయితే గుర్తింపు నంబర్లను కావాలని చెరపడం, మార్చడం అమెరికా సమాఖ్య చట్టం కింద నేరం, కాబట్టి పలక రివెట్లు కొత్తవిగా కనిపించినా, ఛాసిస్ మీద గ్రైండరు గుర్తులున్నా, బేరం సంగతి పక్కనపెట్టి ముందు ఆ చిక్కు తేల్చుకోవాలి. కొన్నాక అది కొన్నవారి చిక్కవుతుంది.

అమ్మేవారిలో ఎక్కువమంది అబద్ధాలకోరులు కారని నా అభిప్రాయం. వాళ్లు కొన్నప్పుడు విన్న కథను నమ్మి, దానికి డబ్బు కట్టి, ఇప్పుడు అదే కథను తిరిగి చెబుతున్నారు. అందువల్ల ఇది నిజమా అని నిలదీస్తే నొచ్చుకుంటారు, ఈ సంగతి మీకెలా తెలిసిందని అడిగితే సాధారణంగా వివరంగానే చెబుతారు. ఆ జవాబు పాత యజమాని చెప్పాడన్న దగ్గర ఆగితే, ఆ యజమానికి ఎవరు చెప్పారన్నది తర్వాతి ప్రశ్న. రెండు మూడు మెట్లు దిగాక ఒక ఇన్వాయిస్‌కో, నంబరు పలక కనిపించే పాత ఫొటోకో చేరితే వాదన నిలబడింది. ఒక పత్రికలో చదివామన్న దగ్గర ఆగితే, ఆ వ్యాసం రాసినవారు ఏ ట్రక్కును చూశారో వెతకాలి, ఒక్కోసారి అది ఇదే ట్రక్కు, ఇదే యజమాని చెప్పిన మాటే అయి ఉంటుంది. ఏ మెట్టు దగ్గరా కాగితం దొరకకపోతే, ట్రక్కు బాగున్నంతవరకు బాగున్న ట్రక్కు ధర ఇచ్చి కొనుక్కోవచ్చు. అరుదైనదన్నందుకు అడిగే అదనపు మొత్తాన్ని మాత్రం ఆ కాగితం దొరికే రోజుకు వాయిదా వేద్దామని అమ్మకందారుతో చెప్పవచ్చు, దాన్ని రాతపూర్వకంగా ఒప్పందంలో పెట్టవచ్చు కూడా. తన కథ మీద తనకు గట్టి నమ్మకమున్నవారు ఈ షరతుకు ఒప్పుకునే అవకాశమే ఎక్కువ.